కొత్త బండి, పాత బాకీ

2025 అక్టోబరు నెలంతా మా భోజనాల బల్ల మీద రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి ఉండేది. పిల్లలు చదువుకునే రోజుల్లో మిగిలిపోయిన పుస్తకం అది. దాని మధ్య పేజీలో స్కేలుతో గీతలు గీసి మూడు పేర్లు రాసుకున్నాం: బీఎండబ్ల్యూ ఎక్స్ 1, ఆడీ క్యూ 3, మెర్సిడెస్ బెంజ్ జీఎల్ఏ. ఉద్యోగ విరమణ చేసిన ఇద్దరు ఉపాధ్యాయుల ఇంట్లో ఈ పేర్లు కనబడటం వింతే. సాయంకాలం కుటుంబ ప్రార్థనకు బైబిలు తీసేటప్పుడు ఆ పుస్తకాన్ని పక్కకు జరిపేవాళ్లం. ఆమెన్ అనగానే మళ్లీ దగ్గరికి లాక్కునేవాళ్లం.

ఇంత ఖరీదైన బండ్లను ఎలా పోల్చి చూశారు, చివరికి ఏం చేశారు అని మా సంఘంలో చాలామంది అడిగారు. యౌవనస్థులైతే ఆ పుస్తకం ఒకసారి ఇమ్మని కూడా అడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. అయితే ఆ పుస్తకంలో లెక్కలన్నీ రాసి, ఒక్క విషయం మాత్రం రాయకుండా దాచాం. దాన్ని విడిచిపెట్టి మిగిలినవి రాస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

ఆ సంవత్సరం ఫిబ్రవరి చివరి వారంలో పల్నాడులోని ఒక పల్లె సంఘం వారు మూడు రోజుల కూటములు పెట్టుకున్నారు. ఆఖరి రాత్రి ప్రార్థన ముగిసి, భోజనాలు అయ్యేసరికి పదకొండు దాటింది. ఆ రాత్రికి అక్కడే ఉండిపొమ్మని సంఘ కాపరి బతిమాలారు. తెల్లవారితే గుంటూరులో పని ఉందంటూ బయలుదేరాం. మాలో ఒకరు బండి నడుపుతున్నారు, ఒకరు వెనక సీటులో నడుం వాల్చారు. నరసరావుపేట ఇంకా దూరం ఉందనగా, రోడ్డు వార ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కును మా బండి వెనక నుంచి గుద్దింది. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తీసుకుపోతూ, టైరు పంక్చరై ఆగిన ట్రాక్టరు అది. వెనక పడుకున్నవారు ముందు సీటుకు కొట్టుకుని భుజం దగ్గర ఎముక విరిగింది. ముందున్నవారికి బెల్టు ఒరుసుకున్న చోట కమిలింది, అంతే. పదమూడేళ్లు మాకు సేవ చేసిన చిన్న బండి మరి బాగుచేయించడానికి పనికిరాకుండా పోయింది.

దేవుడు ప్రాణాలతో కాపాడాడని సంఘంలో సాక్ష్యం చెప్పాం. అది నిజమే. ఆ సాక్ష్యంలోనే ఇంకో మాట కూడా కలిపాం. ట్రక్కుకు వెనక లైటు లేదు, ఎర్ర స్టిక్కరు లేదు, రోడ్డు మీద ఏ గుర్తూ పెట్టలేదు, చీకట్లో ఎలా కనబడుతుంది అన్నాం. అందరూ అయ్యో అన్నారు. ‘చిన్న బండి కాబట్టే ఇంత దెబ్బ తగిలింది, ఈసారి గట్టి బండి తీసుకోండి’ అన్నారు. అమెరికాలో ఉన్న పిల్లలు కూడా అదే మాట అన్నారు, కొంత సొమ్ము పంపుతామన్నారు. ఊళ్లో స్థలం అమ్మిన డబ్బు బ్యాంకులో ఉండనే ఉంది. తప్పంతా చిన్న బండిదే అంటే మాకు ఎంతో హాయిగా ఉండేది. ఎందుకంత హాయిగా ఉందో అప్పుడు ఆలోచించుకోలేదు.

లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు ఒక గోపురం కట్టదలచినవాని సంగతి చెప్పాడు. కట్టడం మొదలుపెట్టకముందే కూర్చుని, కొనసాగించడానికి కావలసినది తన దగ్గర ఉందో లేదో లెక్క చూసుకోవాలి. మేం ఆ మాటను తు.చ. తప్పకుండా పాటిస్తున్నామని అనుకున్నాం. ముందుగా ధర రాశాం. మూడు బండ్లకూ షోరూమ్ ధరే 40 లక్షల పైమాట. అప్పటికి కొద్ది వారాల ముందే పన్ను మారింది. 2025 సెప్టెంబరు 22కు ముందు ఇలాంటి బండ్ల మీద 28 శాతం జీఎస్టీ, ఇంజను పరిమాణాన్ని బట్టి 17 నుంచి 22 శాతం దాకా సెస్సు ఉండేవి. ఆ తేదీ నుంచి సెస్సు తీసేసి 40 శాతం జీఎస్టీ పెట్టారు. ‘తగ్గింది, ఇదే అదను’ అన్నారు తెలిసినవాళ్లు. తగ్గిన మాట నిజమే. కాని తగ్గిన తరువాత కూడా అది మా ఇద్దరి ఉద్యోగ జీవితంలో కూడబెట్టిన దానికంటే ఎక్కువే.

షోరూమ్ ధరతో లెక్క ఆగదని రెండో రోజున తెలిసింది. రిజిస్ట్రేషనప్పుడు కట్టే జీవితకాలపు పన్ను బండి ధరను బట్టి ఉంటుంది. బీమా కూడా అంతే, పైగా అది ఏటా కట్టాలి. చక్రాలు 18 అంగుళాలవి, కొన్నింటికి 19. వాటి టైర్ల పక్కగోడ సన్నగా ఉంటుంది. చూడటానికి సొగసే గాని, మేం తిరిగే పల్లె దారుల్లో గుంటలో పడితే అలాంటి టైరుకే ముందు దెబ్బ. ఈ తరగతి బండ్లలో చాలావాటికి స్పేరు చక్రం సన్నది ఇస్తారు, మెల్లగా దగ్గరి షాపు దాకా పోవడానికి మాత్రమే. ఒక హెడ్‌లైటు పగిలినా, ఒక అద్దం విరిగినా వీధి మెకానిక్కుతో పని జరగదు. ఇవన్నీ కలిపి అయిదేళ్లకు వేసుకున్నాం. బండి కొనడం ఒక ఎత్తు, దాన్ని ఇంట్లో ఉంచుకోవడం ఇంకో ఎత్తు అని తేలింది.

తరువాత ఇంజన్లు రాశాం. ఇక్కడ మాకు కొంత ఆశ్చర్యం కలిగింది. పెద్ద పేరున్న బండిలో పెద్ద ఇంజను ఉంటుందని అనుకుంటాం గదా! ఎక్స్ 1 పెట్రోలుకు ఒకటిన్నర లీటర్ల ఇంజను, సిలిండర్లు మూడే, శక్తి 136 గుర్రాలు. దాని డీజిలు బండికి రెండు లీటర్ల ఇంజను, 150 గుర్రాలు. జీఎల్ఏ పెట్రోలుకు 1.3 లీటర్ల ఇంజనే, అయినా 163 గుర్రాల శక్తి తీస్తుంది. దాని డీజిలుకు 190 గుర్రాలు, నాలుగు చక్రాలకూ లాగే బలం. క్యూ 3కి రెండు లీటర్ల పెట్రోలు ఇంజను, 190 గుర్రాలు. అది నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటుతో వస్తుంది. పొడవులో మూడూ నాలుగున్నర మీటర్లకు మించవు, కాబట్టి మా వీధి మలుపు తిరుగుతాయి. సామాను చోటు చూస్తే క్యూ 3కి 530 లీటర్లు. జీఎల్ఏకి అంతకంటే సుమారు 100 లీటర్లు తక్కువ. క్యూ 3 వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. కూటములకు పోయేటప్పుడు పాటల పుస్తకాల పెట్టెలు, హార్మోనియం పెట్టుకోవడానికి ఇది మేలని దాని పక్కన ఒక టిక్కు పెట్టాం.

వోల్వో వారిది కరెంటు బండి కూడా ఒకటి చూశాం. పల్లె సంఘాల దగ్గర రాత్రిపూట చార్జింగు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు జవాబు దొరక్క దాన్ని పక్కన పెట్టాం. అయితే ఆ కంపెనీ గురించి చదువుతుండగా ఒక సంగతి మనసుకు తగిలింది. మనం భుజం మీదుగా, నడుం మీదుగా పెట్టుకునే మూడు కొనల బెల్టును తయారుచేసినవాడు అక్కడి ఇంజనీరు నీల్స్ బోలిన్. అంతకు ముందు ఆయన విమానాల్లో పైలట్లను ప్రాణాలతో బయటికి ఎగరవేసే సీట్లమీద పనిచేశాడు. 1959లో ఆ బెల్టు బండ్లలోకి వచ్చింది. దాని మీద పేటెంటు హక్కు ఉండి కూడా, పోటీ కంపెనీలన్నీ వాడుకోవడానికి వోల్వో అనుమతి ఇచ్చింది. ఈనాడు నాలుగు లక్షల బండిలోనూ నాలుగు కోట్ల బండిలోనూ ఉన్నది ఆ బెల్టే. ఎంత ఉచితంగా దొరికిన మేలును మనం ఎంత తేలిగ్గా విడిచిపెడుతున్నాం!

ఎందుకంటే, మా పుస్తకంలో అన్నిటికంటే పెద్ద అక్షరాలతో రాసుకున్న వరుస భద్రత. ఐరోపాలో బండ్లను గోడకు గుద్దించి పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ వారు ఈ మూడింటికీ అయిదేసి నక్షత్రాలు ఇచ్చారు: క్యూ 3కి 2018లో, జీఎల్ఏకి 2019లో, ఎక్స్ 1కి 2022లో. మూడింటికీ టిక్కులే. కాని ఆ పక్కనే ఇంకొకటి రాయవలసి వచ్చింది. టాటా సన్స్ మాజీ అధ్యక్షుడు సైరస్ మిస్త్రీ 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో చనిపోయారు. ఆయన కూర్చున్నది ఇదే కోవలో ఇంకాస్త పెద్ద బెంజి బండి. ముందు కూర్చున్న ఇద్దరూ గాయాలతో బతికారు. వెనకనున్న ఇద్దరూ చనిపోయారు. వెనకవాళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. అదే 2022లో మన దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది అని కేంద్ర రవాణా శాఖ నివేదికలో ఉంది. వారిలో ఇంచుమించు సగం మంది బండి నడిపేవారు కాదు, పక్కనా వెనకా కూర్చున్నవారు.

ఆ అంకె రాసిన రాత్రి మాలో భుజం విరిగినవారు చాలాసేపు మాట్లాడలేదు. మా చిన్న బండిలో కూడా వెనక బెల్టులు ఉన్నాయి. పదమూడేళ్లలో వాటిని ఒక్కసారి కూడా బయటికి లాగలేదు. చిన్న బండి అనే నింద మీద ఇలా మొదటి దెబ్బ పడింది.

నవంబరు మొదటి వారంలో హైదరాబాదు వెళ్లి, చుట్టాలింట్లో దిగి, రెండు రోజుల్లో మూడు షోరూములూ చూశాం. గాజు తలుపులు తెరిచి నమస్కారం పెట్టి కాఫీ ఇచ్చారు. మాసిన చెప్పులతో ఆ మెరిసే నేలమీద నడవడానికే మొహమాటపడ్డాం. బండి ఎక్కడం, దిగడం, వెనక కూర్చోవడం, బెల్టు లాగి పెట్టుకోవడం, విరిగి అతికిన భుజంతో అన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశాం. ఎక్స్ 1లో వెనక కాళ్లు చాపుకోవడానికి వీలుగా ఉంది. క్యూ 3 ఎక్కడం దిగడం తేలిక. జీఎల్ఏలో ముందు సీట్లు ఎంతో సుఖం. మూడూ మంచి బండ్లే. వాటిలో కూర్చున్నప్పుడు మనసులో ఏం కదిలిందో కూడా ఒప్పుకోవాలి. క్రిస్మస్ ఆరాధన రోజున ఈ బండి మన గుడి ఆవరణలోకి వస్తే ఎలా ఉంటుంది? కాపరి అయ్యగారు బానెట్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తుంటే చుట్టూ ఎవరెవరు నిలబడతారు? ఇద్దరికీ అదే ఊహ వచ్చిందని తరువాత చెప్పుకున్నాం. మా పుస్తకంలో ఆ ఊహకు గీసిన గడి లేదు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక షోరూములో బండి చూపించిన అబ్బాయికి ఇరవై అయిదేళ్లుంటాయేమో. ఎంతో ఓపికగా ఒక్కొక్క మీట చూపిస్తూ, ‘సార్, మేడమ్, ఇది చూడండి. మీకు నిద్రొస్తే బండికి తెలిసిపోతుంది’ అన్నాడు. స్టీరింగు మీద చెయ్యి ఎలా కదులుతుందో బండి కనిపెడుతూ ఉంటుందట. మనిషి తూగుతున్నప్పుడు ఆ కదలిక మారుతుంది. అప్పుడు గంట మోగి, ఎదురుగా కాఫీ కప్పు బొమ్మ వెలుగుతుంది, ఆగి విశ్రాంతి తీసుకోమని. బెంజి వాళ్లు 2009లోనే ఈ ఏర్పాటు మొదలుపెట్టారని చెప్పాడు. మంచి సంగతే. కాని స్టీరింగు ముందు కూర్చున్నవారి ముఖం పాలిపోయింది. ఒంట్లో బాగాలేదా అని ఆ అబ్బాయి మంచినీళ్లు తెచ్చాడు. మళ్లీ వస్తామని చెప్పి బయటికి వచ్చేశాం.

ఆ రాత్రి చుట్టాలింట్లో అందరూ పడుకున్నాక, మేడమీద కూర్చుని, తొమ్మిది నెలలుగా చెప్పుకోని మాట చెప్పుకున్నాం. ఫిబ్రవరి రాత్రి చీకట్లో ట్రక్కు కనబడక గుద్దలేదు. నడిపేవారి కళ్లు మూతపడ్డాయి. ఎంతసేపు? రెండు సెకన్లు కావచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లంటే 44 మీటర్లు, ఎవరూ నడపని బండి. ఆ మాట వినగానే రెండోవారు కూడా తమ మాట చెప్పారు. వినుకొండ దాటకముందే నడిపేవారు రెండుసార్లు తూగడం వెనకనుంచి చూశారట. ఆపి టీ తాగుదామని అనవలసింది. నడుం నొప్పిగా ఉంది, తొందరగా ఇల్లు చేరితే చాలని అనకుండా పడుకున్నారట. మాలో ఎవరు ముందున్నారో ఎవరు వెనకున్నారో ఇక్కడ రాయడం లేదు. తప్పు ఇద్దరిదీ.

అది కూడా పూర్తి నిజం కాదు. ఇంకొకటి మిగిలింది. ప్రమాదం జరిగిన మర్నాడు లారీ మీద ఎక్కించి తెచ్చిన మా బండిని షెడ్డులో చూడటానికి వెళ్లినప్పుడు, ముందు బంపరులో వేపాకులు ఇరుక్కుని ఉన్నాయి. ఒక రెబ్బ అయితే పచ్చగానే ఉంది. ట్రాక్టరు రైతు రోడ్డు మీద గుర్తుగా వేపకొమ్మ వేసి ఉంచాడన్నమాట. లైటు లేని మనిషి చెయ్యగలిగింది చేశాడు. మేం ఆ కొమ్మను తొక్కుకుంటూ పోయి ట్రక్కును గుద్దాం. ఆ ఆకులు ఎవరూ చూడకముందే మేం లాగి పారేశాం. ఏ గుర్తూ పెట్టలేదని సాక్ష్యం చెప్పింది ఆ తరువాతి ఆదివారమే.

ఆ మాటతో ఆగినా బాగుండేది. మా పాత బండికి ఎదుటివారి నష్టానికి మాత్రమే బీమా ఉంది, మా నష్టానికి లేదు. తెలిసిన పెద్దలు ఆ ఊళ్లో కూర్చోబెట్టి మాట్లాడి, రైతు చేత మాకు 25,000 రూపాయలు ఇప్పించారు. మేం అడగలేదు, కాని వద్దనలేదు. ఆ ఏడాది మిర్చి ధర ఎలా పడిపోయిందో గుంటూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చిన సంవత్సరం అది. ఆ లెక్కన మేం తీసుకున్నది రెండు క్వింటాళ్ల మిర్చి కంటే ఎక్కువ. అలాంటి మనిషి సొమ్ము దగ్గర పెట్టుకుని మేం అరకోటి రూపాయల బండ్లకు టిక్కులు పెడుతున్నాం!

మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన సంగతి ఆ రాత్రి జ్ఞాపకం వచ్చింది. బలిపీఠం దగ్గరికి అర్పణ తెచ్చినప్పుడు, మన మీద సహోదరునికి ఏదైనా ఉందని గుర్తుకు వస్తే, అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడాలి. కొత్త బండిని గుడికి తెచ్చి ప్రార్థన చేయించుకోవాలని ఊహించుకున్నాం గదా. ముందు వెళ్లవలసిన ఊరు వేరే ఉంది.

గుంటూరు వచ్చిన మూడో రోజున బస్సెక్కి ఆ ఊరు వెళ్లాం. జక్కయ్య నాలుగింతలు తిరిగి ఇస్తానన్న మాట తలుచుకుని లక్ష రూపాయలు తీసుకువెళ్లాం. రైతు ఇంటి ముందు కొత్త మిర్చి తోటకు మందు కలుపుతున్నాడు. మమ్మల్ని చూడగానే మళ్లీ ఏదో గొడవ వచ్చిందని భయపడ్డాడు. ఆ భయం చూసి మాకు నోరు పెగల్లేదు. అరుగు మీద కూర్చుని, జరిగినదంతా చెప్పాం. నిద్రపోయామని చెప్పాం. బంపరులో వేపాకులు చూశామని కూడా చెప్పాం.

ఆయన చాలాసేపు నేలకేసి చూశాడు. తరువాత లోపలికి కేకేశాడు: ‘ఏమేవ్, ఇటు రా! కొమ్మ పెట్టానంటే నమ్మారా మీరు? ఇదిగో, సారు చెబుతున్నారు విను.’ ఆయన గొంతు వణికింది. ఆ తొమ్మిది నెలలూ ఇంట్లోవాళ్లు కూడా ఆయన మాట నమ్మలేదట. పెట్టి ఉంటే వాళ్లకు కనబడదా, నీ అశ్రద్ధ వల్లే దూడను అమ్ముకోవలసి వచ్చిందని కొడుకులు అన్నారట. చివరికి తానే నిజంగా కొమ్మ పెట్టానా, పెట్టాననుకున్నానా అని అనుమానపడ్డాడట. మేం డబ్బు ఒక్కటే తీసుకున్నామని అనుకున్నాం. ఆ మనిషి మాటకు ఉన్న విలువ కూడా తీసుకున్నామని అప్పుడు తెలిసింది.

లక్ష రూపాయలు ముందు పెడితే ఆయన లెక్కపెట్టి 25,000 తీసుకున్నాడు. చిరిగిపోయి మట్టిపాలైన రెండు టిక్కీల ఖరీదు కూడా తీసుకున్నాడు. మిగిలింది మా వైపు జరిపాడు. ‘ఇది వద్దు సార్. ఎక్కువ తీసుకుంటే రేపు నేను మీకు బాకీ పడ్డట్టుంటది. నాకు ఇంకోటి చెయ్యండి. ఆ రోజు పంచాయితీ చేసిన పెద్దల ముందు ఇదే మాట చెప్పండి’ అన్నాడు. డబ్బు ఇవ్వడం కంటే అది కష్టమనిపించింది. అయినా సాయంత్రం దాకా ఉండి, రచ్చబండ దగ్గర ఆ పెద్దలను పిలిపించి చెప్పాం. ఒకాయన మమ్మల్ని నలుగురి ముందు గట్టిగానే చీవాట్లు పెట్టాడు. రైతు మాత్రం బస్సు దాకా వచ్చి సాగనంపాడు. క్షమించానని ఆయన అనలేదు, మేం అడగలేదు. తరువాతి ఆదివారం మా సంఘంలో కూడా ఫిబ్రవరి సాక్ష్యాన్ని సరిచేసి చెప్పాం.

ఇంటికి వచ్చాక మళ్లీ ఆ నోటుబుక్కు తెరిచాం. చిత్రమేమంటే, అంకెలన్నీ అవే, గాని మాకు ఆ పేజీ వేరుగా కనబడింది. ఇంతకాలం చివరి వరుసలో ‘ఎందుకు?’ అని రాసి ఖాళీగా వదిలాం. ఇప్పుడు అక్కడ రాయగలిగాం. నెలకు మూడు నాలుగుసార్లు పల్లె సంఘాలకు పోయిరావడానికి, నలుగురు కూర్చోవడానికి, గుద్దుకుంటే ప్రాణం నిలవడానికి. అంతే. గుడి ఆవరణలో చూపించడానికి అని రాయవలసిన చోటు ఇక మిగల్లేదు.

ఆ మూడు అవసరాలకూ సరిపోయే బండి మేం చూసిన వాటి ధరలో సగానికంటే తక్కువకే దొరికింది. మన దేశంలో 2023లో భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష మొదలైంది. దానిలో అయిదు నక్షత్రాలు తెచ్చుకున్న స్వదేశీ బండ్లు ఇప్పుడు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి డిసెంబరులో తీసుకున్నాం. పేరు రాస్తే ప్రకటనలాగా ఉంటుందని రాయడం లేదు. టైరు మందంగా ఉంది, స్పేరు చక్రం ఉంది, సర్వీసు గుంటూరులోనే. కాఫీ కప్పు బొమ్మ మాత్రం లేదు. దానికి బదులుగా ఒక నియమం పెట్టుకున్నాం. రాత్రి తొమ్మిది దాటితే ఎవరు ఎంత పని ఉందన్నా బయలుదేరం, ఉన్నచోటే చాప అడిగి పడుకుంటాం. వెనక కూర్చున్నవారు బెల్టు పెట్టుకున్నామని చెప్పేదాకా బండి కదలదు. ఇది మా నియమమే కాదు, చట్టం కూడా. వెనకవారు పెట్టుకోకపోయినా వెయ్యి రూపాయల జరిమానా ఉంది.

ఖరీదైన బండి కొనడం పాపమని మేం చెప్పడం లేదు. స్తోమత ఉండి, అవసరం ఉండి కొనేవారికి మా పుస్తకంలోని లెక్క ఇది. దూరప్రయాణాలు ఎక్కువగా చేసేవారు ఎక్స్ 1 డీజిలు చూసుకోవచ్చు. సామాను, బురద దారులు ఉన్నవారికి క్యూ 3 అనువు. ఇద్దరే ముందు కూర్చుని పట్నంలో తిరిగేవారికి జీఎల్ఏ సుఖం. ఏది కొన్నా షోరూమ్ ధర చూసి లెక్క ముగించకండి. అయిదేళ్ల ఖర్చు వేసుకోండి. ఇంట్లో పెద్దవారిని తీసుకువెళ్లి ఎక్కించి దించి చూడండి. మీరు రోజూ పోయే దారిలోనే నడిపి చూడండి. అన్నిటికంటే ముందు ‘ఎందుకు?’ అన్న వరుసలో నిజం రాయండి. భార్యాభర్తలు ఇద్దరూ విడివిడిగా రాసుకుని, తరువాత కలిపి చదువుకుంటే ఇంకా మంచిది.

మేం గోపురానికి లెక్క చూసుకుంటున్నామని అనుకున్నాం, కాని పునాదిలో మరొకరి రాయి ఉందని మరచిపోయాం. క్రిస్మస్ ముందు ఆదివారం మా కొత్త బండికి కాపరి అయ్యగారు ప్రార్థన చేశారు. చుట్టూ ఎంతమంది నిలబడ్డారో మేం చూడలేదు. ఆ తరువాతి వారం ఎర్ర రంగు మెరుపు స్టిక్కర్లు కొని ఆ ఊరు వెళ్లాం. రైతూ మేమూ కలిసి ఆయన ట్రక్కుకు, ఆ వీధిలోని ఇంకో ఆరు ట్రక్కులకు వెనకవైపు అంటించాం. మిర్చి కోత కాలంలో రాత్రి పూట యార్డు దారిలో ట్రాక్టర్లు ఎన్నో ఆగి ఉంటాయి. దయచేసి మెల్లగా పొండి. నిద్ర వస్తే ఆగిపోండి. రోడ్డు మీద కొమ్మ కనబడితే దాని వెనక ఒక మనిషి ఉన్నాడని గుర్తుంచుకోండి.

మన రాకపోకలయందు ప్రభువు మనలను కాపాడునట్లు, మన నోటి సాక్ష్యం కూడా సత్యమైనదిగా ఉండునట్లు ఆయన మనకు కృప చూపును గాక. ఆమెన్.